కాలువకు నీళ్ళు వదిలేదాకా

మా సంఘానికి పదిహేనేళ్ళు నిండుతున్నాయని పుస్తకం వేస్తున్నారట. మొన్న ఆఫీసు నుంచి ఇద్దరు టేప్‌రికార్డరు పట్టుకొని వచ్చి, "అమ్మా, తొలిరోజుల గురించి రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. రెండు ముక్కలతో ఆగే నోరు కాదు నాది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, పాపం.

అప్పటికే రాసుకొచ్చింది చదివి వినిపించారు. "సూర్యాపేటలో ఒక చిన్న గదిలో ప్రారంభమై, కోదాడ, మిర్యాలగూడలకు విస్తరించి" అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. గది ఎక్కడిది? అది గొర్ల కొట్టం. మా కొట్టం. గది అని రాస్తే మా ఆయన మంగయ్య ఏమైపోవాలి?

ఎనభై మూడులో జానయ్య సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు పోస్టర్ల మీద 'దైవజనులు జాన్ గారు' అని కనిపించేది ఆయనే. ఊరు గరిడేపల్లి. మా గొల్లవాళ్ళలోనే పుట్టినవాడు, వరసకు మాకు అల్లుడు. అప్పుడు బక్కపలచని మనిషి, చంకలో బైబిలు. సూర్యాపేటలో ఎక్కడ కిరాయికి అడిగినా, ప్రార్థనలకని తెలియగానే లేదు పొమ్మనేవారు. నేను కడుపునొప్పితో దవాఖానల చుట్టూ తిరిగి, విసిగి, మంచం పట్టి ఉన్నాను. అతను నా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. వారం తిరక్కుండా లేచి రొట్టెలు చేశాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నేను మాత్రం నమ్మాను.

మా ఆయన నమ్మలేదు. నమ్మకపోయినా కొట్టం ఇచ్చాడు. గొర్లను బయటికి తోలి, చుట్టూ తుమ్మకంప వేసి, వాటి పక్కనే తన నులక మంచం వేసుకున్నాడు. "వానస్తె ఎట్ల?" అంటే "గొంగడి లేదా?" అన్నాడు. మనిషి అంతే. ఇచ్చింది చెప్పుకోవడం తెలియదు.

మొదటి రోజు జానయ్య తప్పిపోయిన గొర్రె కథ చెప్పాడు. నూరు గొర్రెలున్నవాడు ఒకటి తప్పిపోతే, తొంభై తొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాని కోసం పోయిన కథ. మేము నలుగురం ఆడవాళ్ళం కళ్ళు తుడుచుకుంటున్నాము. బయట మంచం మీది నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"అల్లుడా, ఆ తొంబై తొమ్మిదిని ఎవనికప్పజెప్పి పోయిండు?"

జానయ్య నవ్వి, "రేపు సెప్త మామా" అన్నాడు. ఆ రేపు రాలేదు. అప్పటి నుంచి అతను ఎప్పుడు కనబడినా మా ఆయన అడిగేవాడు, అతను రేపనేవాడు. ఇద్దరికీ అదో సరదా.

అన్నం మా ఇంట్లోనే తినేవాడు. ఒకనాడు చెయ్యి కడుక్కుంటూ పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి చూపించి, "అత్తా, ఒక రాయి సూర్యాపేట. ఒకటి కోదాడ. ఒకటి మిర్యాలగూడ. మూడు రాళ్ళు పడితెనే కుండ నిలుస్తది. గప్పుడు తండ తండకు అన్నం పోతది" అన్నాడు. కొట్టంలో అప్పటికి పట్టుమని పదిమంది లేరు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని మా ఆయన పడీ పడీ నవ్వాడు. కానీ తెల్లారి గుడిసె వాసాలు నాలుగు తెచ్చి కొట్టం ముందు పందిరి వేశాడు. మంది పెరిగితే ఎండకు ఎక్కడ కూర్చుంటారని.

నేను ఆ సంవత్సరమే సాగర్ కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాను. నెలకొక ఆదివారం బల్ల ఉంటుంది. ప్రభువు పేర రొట్టె విరిచి, గిన్నెలో ద్రాక్షరసం పంచుతారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే అది. ఆడవాళ్ళకు ఒక చాప, మగవాళ్ళకు ఒక చాప. గిన్నె నా దగ్గరకు వచ్చినప్పుడల్లా నా చూపు మగవాళ్ళ చాప మీదికి పోయేది. నాతోపాటు మొదటి రోజు నుంచి వచ్చే ఈదమ్మ పెనిమిటి ఉండేవాడు. తొలినాళ్ళలోనే చేరిన కుర్రాడు మల్సూర్ ఉండేవాడు. మా ఆయన బయట గొర్లకు తుమ్మకాయలు దులుపుతూ ఉండేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన ఆ చాప మీద కూర్చుని గిన్నె అందుకుంటే చూడాలని ఉండేది నాకు. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. అదొక్కటే అడిగాను. చెవిలో ఇల్లు కట్టుకొని పోరాను కూడా. ఆయన "సూద్దాం తియ్" అనేవాడు. కానీ నేను బియ్యం కడుగుతుంటే మాత్రం గుమ్మంలో నిలబడి, "సంగానికి పిడికెడు తీసినవా?" అని గుర్తుచేసేవాడు. ఇట్లాంటి మనిషిని తిట్టాలంటే కూడా నోరు రాదు.

ఎనభై ఎనిమిదిలో కోదాడలో సంఘం పడింది. తొంభై రెండులో మిర్యాలగూడ. నిజంగానే మూడు రాళ్ళు పడ్డాయి. ఆదివారం పొద్దున సూర్యాపేట, మధ్యాహ్నం కోదాడ, సాయంత్రం మిర్యాలగూడ. జానయ్య బస్సులోనే బట్టలు మార్చుకుంటాడని నవ్వుకునేవాళ్ళం. తర్వాత జీపు వచ్చింది. సూర్యాపేటలో కూడా ఊరికి అవతలి కొసన స్లాబు మందిరం లేచింది. మల్సూర్‌ను మాకు పాస్టరుగా పెట్టి, జానయ్య నెలకోసారి రావడం మొదలుపెట్టాడు. పోస్టర్ల మీద రాబోయే పదేళ్ళ దర్శనం అని వేశారు. బైబిలు పాఠశాల, అనాథ పిల్లల ఇల్లు, నిడమనూరు నుంచి పెద్దవూర దాకా తండాకొక మందిరం. మంచిదే. నేనేమీ కాదనను. కానీ మందిరం కట్టి సంఘం అక్కడికి వెళ్ళిపోయిన రోజు మా కొట్టంలోకి గొర్లు తిరిగి వచ్చాయి. నేను గడపలో కూర్చుని ఏడ్చాను.

నాకంటే ఎక్కువ దిగులు పడింది మా ఆయన. ఆ సంగతి చాలా రోజులకు గానీ తెలియలేదు. ఒక సాయంత్రం మంచం మీద కూర్చుని, "పాట ఇనబడుతలేదే ఐలా" అన్నాడు.

"ఏం పాట?"

"మీ పాట. అన్నేండ్లు ఇనుకుంట పండుకున్న. ఇప్పుడు కండ్లు మూస్తె నిద్ర రాదు. అది నా దగ్గరికి రాకుంటె ఇగ నేనే పోత. నీళ్ళల్ల దిగుత." మళ్ళీ తనే, "గని జానయ్యే దించాలె. నా కొట్టంల నిలబడి సెప్పినోడు ఆడు. ఇంకొకని చెయ్యి నాకొద్దు" అన్నాడు.

తెల్లారి మొదటి బస్సెక్కి కోదాడ పోయాను. అక్కడ ఊడుస్తున్న ఒకావిడ, "అయ్యగారు ఇప్పుడే మిర్యాలగూడ వెళ్ళారండి" అంది. మిర్యాలగూడ పోతే మీటింగులో ఉన్నాడని, కూర్చోమన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, అట్లా అయింది నా పని. కాలికి బలపం కట్టుకొని తిరిగి తిరిగి, చివరికి జీపెక్కబోతున్న మనిషిని రెక్క పట్టుకొని ఆపాను.

సంగతి వినగానే జానయ్య నడిరోడ్డు మీద నా చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది దొంగేడుపు కాదు, నాకు తెలుసు.

"అత్తా, ఈస్టరుకు మూడు సంగాలకు కలిపి ఒక్కతాన బాప్తిస్మాలు పెడుతున్నం. మిర్యాలగూడ కాలువల. అందరికంటె ముందుగాల మామనే దించుత. ఈయన కొట్టంల పుట్టినం మనమంత అని సెప్త. మామను తయారుగ ఉండమను."

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన చిన్నపిల్లవాడిలా సిగ్గుపడ్డాడు. "గంతమంది ముందట్నా" అన్నాడు. మరునాడే తెల్ల ధోవతి ఉతికించి ఆరేయించాడు.

ఆ ఏడు డ్యాంలో నీళ్ళు తక్కువని ఈస్టరుకు ముందే కాలువ కట్టేశారు. ఎక్కడి బాప్తిస్మాలు అక్కడ ఆగిపోయాయి. నీళ్ళు వదిలినప్పుడే పెడతామని జానయ్య కబురు పంపాడు. మూడు సంఘాలు ఒకే నీళ్ళలో దిగాలన్నది ఆయన పట్టుదల.

ఎండాకాలం మా ఆయనకు దమ్ము ఎక్కువైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మల్సూర్ వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మోటరు కాడ సిమెంటు తొట్టి ఉన్నది. నీళ్ళు నింపి రేపే దించుత. ఆగొద్దు" అన్నాడు. మంచి మనిషి మల్సూర్. నేను సరేనన్నాను. మా ఆయన వినలేదు.

"ఆయన దించుతనన్నడు కద. దించుతడు. మాటిచ్చినంక మనం తొందరపడితె ఆయన మాట ఏమైతది?"

"ఆయన మాట పోతె పోనియ్. నువ్వు ముఖ్యమా, ఆయన మాట ముఖ్యమా?" అని గొంతు చించుకున్నాను.

"ఊకో. కాలువకు నీళ్ళు రాకుండ పోతయా?" అన్నాడు.

చూశారా చోద్యం. ఒక్క ప్రసంగం నమ్మనివాడు, ఆ మనిషి మాట నమ్మి కూర్చున్నాడు. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, "డ్యాం నిండిందంటనా అడుగు" అనేవాడు. ఎదురుచూసి ఎదురుచూసి ఆషాఢంలో, మొదటి వానలు పడుతుండగా, పట్టపగలే నా ఒడిలో తల పెట్టుకొని పోయాడు. బాప్తిస్మం లేదు కాబట్టి ఆయన అన్నదమ్ములు తమ పద్ధతిలో, డప్పులతో తీసుకుపోయారు. మల్సూర్ పూడ్చిన బొందకు దూరంగా నిలబడి పెదాలు కదిలించాడు. అంతకంటే ఏం చేయగలడు?

శ్రావణంలో కాలువకు నీళ్ళు వదిలారు. బాప్తిస్మాల కబురు వచ్చింది. జానయ్యకు మా ఆయన పోయిన సంగతి తెలియదు. మల్సూర్ పంపిన కబురు కోదాడ దాకా వెళ్ళేసరికి ఆయన గుంటూరు వైపు సభలకు పోయి ఉన్నాడట. అక్కడి నుంచి నేరుగా కాలువకే వచ్చి, ఎవరితో మాట్లాడే సందు లేకుండా నీళ్ళలో దిగాడట. నేను వెళ్ళకూడదనుకున్నాను. కానీ ఆ మనిషి మొహం మీద నాలుగు మాటలు అనకపోతే నాకు అన్నం సహించేలా లేదు. మా ఆయన గొంగడి భుజాన వేసుకొని బస్సెక్కాను.

పెద్ద కాలువ నుంచి చీలిన పిల్ల కాలువ అది. నడుము లోతు నీళ్ళు, ఎర్రగా. గట్టు మీద మూడు ఊళ్ళ మంది. తెల్లబట్టలు కట్టుకొని నీళ్ళ అంచున వరసగా నిలబడ్డారు. తండా నుంచి వచ్చిన సాలి అనే ముసలామె ముందే నీళ్ళలో దిగి ఉంది. అద్దాల లంగా నీళ్ళ మీద గొడుగులా ఉబ్బితే రెండు చేతులతో అణుచుకుంటోంది. నేను చేరేసరికి జానయ్య నీళ్ళలో నిలబడి మాట్లాడుతున్నాడు. కొట్టం గురించి, పందిరి గురించి, బయట మంచం వేసుకున్న మనిషి గురించి. ఒక్కటీ మరిచిపోలేదు. చెప్పి, గట్టు వైపు చెయ్యి చాపి పిలిచాడు.

"మంగయ్య మామా, నీళ్ళొచ్చినయ్. రా, దిగు."

సంగతి తెలియనివాళ్ళందరూ వెనక్కి తిరిగి వెతుకుతున్నారు. నేను మందిని తోసుకుంటూ అంచుదాకా పోయాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. గొంగడి చూపించాను.

"లేడు. ఆషాఢంల పోయిండు. నీ కోసం సూసి సూసి పోయిండు" అన్నాను.

జానయ్య చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. తర్వాత నీళ్ళు తోసుకుంటూ బయటికి వచ్చాడు. గట్టు మీద నా ముందు కూలబడి గొంగడిలో మొహం పెట్టుకొని ఏడ్చాడు. మూడు సంఘాలు చూస్తున్నాయి. ఆయన లేచి తడిబట్టలతోనే జీపు వైపు నడిచాడు. "పా అత్తా, పోదాం. మామ బొంద కాడికి పోదాం. ఇయ్యాల ఏం వద్దు, అంత బందు" అన్నాడు.

నేను కోరుకున్నది అదే కదా. మా ఆయన కోసం ఈ మనిషి అన్నీ వదిలి రావాలనే కదా నేను ఊరూరూ తిరిగింది. కానీ వెనక్కి చూస్తే వరసలో నిలబడ్డవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. చంటిపిల్లను చంకనేసుకున్న ఒకామె ఎండకు కొంగు అడ్డం పెట్టింది. సాలి ఇంకా నీళ్ళలోనే ఉంది. నీళ్ళ చలికి పెదాలు వణుకుతున్నాయి.

జీవితంలో మొదటిసారి నేను జానయ్యను అల్లుడా అని పిలిచాను. ఆ పిలుపు మా ఆయనది.

"ఆగు అల్లుడా. వీళ్ళను ఎవనికప్పజెప్పి పోతున్నవ్?"

ఆయన నిలబడిపోయాడు.

"ఇన్నేండ్లసంది నీ మామ అడిగింది గిదే. ఆయన ఉంటె ఇప్పుడు కూడ గిదే అడుగుతుండె. పో, ముందు ఆ ముసలామెను దించు. మామ యాడికి పోతడు, ఆడనే ఉంటడు" అన్నాను.

ఆయన తిరిగి నీళ్ళలోకి దిగాడు. సాలిని ముంచి లేపాడు. ఒకరి తర్వాత ఒకరు మునుగుతూ, దగ్గుతూ, లేస్తూ ఉన్నారు. నేను గొంగడి ఒడిలో పెట్టుకొని గట్టు మీద కూర్చున్నాను. లేచిన ప్రతి తలనూ చూశాను. ఒక్కదాని మీద కూడా మా ఆయన నెరసిన జుట్టు లేదు.

సాయంత్రం జానయ్య మా ఇంటికి వచ్చాడు. బొంద దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏళ్ళ తర్వాత మా ఇంట్లో అన్నం తిన్నాడు. "తొట్టిలనన్న దించుమని మల్సూర్‌కు సెప్పకపోతిని అత్తా" అని ఒక్కటే మాట పదే పదే అన్నాడు. నేను ఊరడించలేదు. కోపం పోలేదు నాకు, ఇప్పటికీ పోలేదు. పెరుగు మాత్రం వేశాను.

ఇదంతా చెప్పేసరికి టేపు అయిపోయింది. వచ్చినవాళ్ళలో ఒకతను, "అమ్మా, ఇందులో పుస్తకానికి ఏం రాయమంటారు?" అని అడిగాడు. "కొట్టం అని రాయండి, అంతే" అన్నాను. ఇప్పుడు సంఘాలు తొమ్మిదయ్యాయి. ఎక్కడ కొత్తది తెరిచినా నన్ను జీపులో తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెడతారు. బల్ల మొదలవుతుంది. గిన్నె నా దగ్గరకు వస్తుంది. తాగే ముందు నేను మగవాళ్ళ చాప వైపు చూస్తాను.