ఎవంథియా ముందు పాడిన పాట

"ఉప్పుగాలి" పాట మొదట పాడింది ఎవంథియా అని గ్రీసులోని కవాలా రేవులో మా వీధి వాళ్లందరికీ తెలుసు. కట్టింది ఆమె మొగుడు, బుజుకీ వాయించే యోర్దానిస్. రికార్డు వచ్చింది, కొన్ని పెళ్లిళ్లలో జనం చిందులేశారు, తర్వాత మరిచిపోయారు.

చాలా ఏళ్లకు థెస్సలొనీకి నగరంలో మిర్సిని అనే కుర్ర గాయని అదే పాటను అడుగులో అడుగేసినట్టు నెమ్మదిగా పాడింది. ఇక ఏ టాక్సీ ఎక్కినా, ఏ కాఫీ కొట్టులో కూర్చున్నా అదే.

"ముక్కుతో పాడుతోంది," అనేది ఎవంథియా. మళ్లీ చివరిదాకా వినేది.

ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు వేయించిన చేపలు తింటుండగా రేడియోలో ఆ పాట వచ్చింది. యోర్దానిస్ నమలడం ఆపేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను పాడినప్పుడు ఒక్క చుక్కైనా రాల్చావా?"

"అది కాదే... ఆ పిల్ల నిదానంగా పాడింది. మాట మాటా తగులుతోంది."

"నిదానంగానా! ఆ రోజు స్టూడియోలో మెల్లగా పాడతానని నేను మొత్తుకోలేదూ? 'మెల్లగా పాడితే ఆడేదెవరు' అని నన్ను గుర్రంలా పరిగెత్తించింది నువ్వు కాదూ?"

యోర్దానిస్ తల వంచుకుని రొట్టె తుంచసాగాడు.

వేసవిలో మిర్సిని కవాలాకే వచ్చి పాడింది. ముందు వరసలో ఎవంథియాను గుర్తుపట్టి, "ఈ పాట నాకంటే ముందు పాడిన మనిషి ఇక్కడే ఉంది. రా అక్కా!" అని వేదిక మీదికి పిలిచింది.

దీనికి పాటంటే ఏమిటో చూపిస్తాను అనుకుంటూ ఎక్కింది ఎవంథియా. రెండో చరణానికి వచ్చేసరికి తనకే తెలిసిపోయింది. మిర్సిని ఊపిరి పీల్చిన చోటే తానూ పీలుస్తోంది. ఆ పిల్ల ఆగిన చోటే ఆగుతోంది. వేరేలా పాడబోయింది, గొంతు మాట వినలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మిర్సిని కళ్లు తుడుచుకుంది. అది ఎవంథియాను మరీ మండించింది.

దిగుతుంటే ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగా పాడావమ్మా! అచ్చం మిర్సిని పాడినట్టే ఉంది."

"ముందు పాడింది నేనండీ."

"అలాగా? నేనెప్పుడూ వినలేదే," అంది ఆవిడ, ఏ కల్మషమూ లేకుండా.

ఎవంథియా మొగుడి కోసం ఆగకుండా ఇంటికి నడిచింది.

ఇప్పటికీ విందుల్లో "మిర్సిని పాట పాడవా" అని అడుగుతారు. పాడుతుంది, నెమ్మదిగానే. పాత పద్ధతిలో పాడమని యోర్దానిస్ ఒకసారి సరదాకి అన్నాడు. ఆ పూట అతనికి వంట లేదు.