రైలాపిన మరచెంబు

నేను ఒక మరచెంబును. మూతకు మర, పైన పట్టుకోవడానికి కడియం. బిగిస్తే చుక్క కారదు. నాకున్నది మర, మీకున్నది మరపు. నాకు బిగింపు, మీకు బింకం. మీ మనుషుల జాతి అంటే నాకు గిట్టదని మొదటే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోకండి.

అజ్జరం అనే ఊళ్లో పుట్టాను. ఇత్తడి కరిగించి పోసి, బాది, చింతపండుతో తోమి నాకో రూపం తెచ్చారు. ఆ బాదినవాడి మీద నాకు కోపం లేదు. తర్వాత బాదినవాళ్లందరూ నాకిచ్చింది సొట్టలే. వీర్రాజు గారనే రైతు నన్ను కొని రైళ్లలో కాశీ దాకా తిప్పాడు. ఆయన పోయాక అటకెక్కించారు. అక్కడ హాయిగా ఉన్నాను, మనుషులు లేరు కదా!

నన్ను కిందికి దింపినవాడు మనవడు భగవాన్. తణుకులో ఎరువుల కొట్టు. భార్యాపిల్లలతో యూరప్ చూడాలనుకున్నాడు.

"ఏవండీ, అక్కడి రైళ్లలో దొడ్లో నీళ్లుండవంటండీ! అంతా కాగితాలేనంట!" అని ఆయన భార్య హైమ హడలిపోయింది.

అంతే. తాతగారి నోటికి నీళ్లందించినదాన్ని, మనవడి కాలానికి పూర్తిగా వెనక్కి వెళ్లిపోయాను. ఇంతకంటే వివరంగా చెప్పించకండి.

పిల్లలిద్దరు. చంటిది హాసిని; పేరుకే హాసం, రోజంతా రోదనం. పెద్దవాడు ఆరేళ్ల తేజోమయ్. పేరు తేజోమయం, పని అయోమయం. విమానం దిగింది మొదలు నన్ను డోలు చేసి వాయించాడు. చాలదని కీ ఇస్తే గెంతే తన కప్పబొమ్మను నా కడుపులో వేసి మూత బిగించాడు. టిక్కు టిక్కుమని అది లోపల తంతుంటే ఇత్తడినైన నాకే ఇత్తడైపోయింది.

జర్మనీలో వియన్నా రైలెక్కే రోజు. చంటిదాని బండి తోసుకుంటూ హైమ ముందు పరుగెత్తింది. భగవాన్ రెండు పెట్టెలు, ఒక కొడుకు, ఒక నేను వేలాడుతుండగా వెనకబడ్డాడు.

"మన పెట్టె ఇదేనండీ! తొరగా రండి!" హైమ కేక.

"నువ్వెక్కెయ్ హైమా! మేం ఇక్కడెక్కేసి లోపల్నించి నడిచొచ్చేత్తాం!"

తణుకు స్టేషన్లో నేర్చిన విద్య. ఏ పెట్టె దొరికితే అది ఎక్కెయ్యడం, లోపల్నుంచి ఈదుకుంటూ సీటు చేరడం. కానీ ఈ రైలు ఒకటి కాదు, రెండు. మూతికి మూతి ఆనించి తగిలించారు, మధ్యలో దారి లేదు. ఈయన నడిచి నడిచి డ్రైవరు గది తలుపుకి ముక్కు గుద్దుకున్నాడు.

టికెట్లు చూసే అమ్మాయి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. వచ్చే స్టేషన్లో రైళ్లు విడిపోతాయి. ముందుది వియన్నాకు, ఇది ఇటలీకి.

భగవాన్ జేబులు తడుముకున్నాడు. పాస్‌పోర్టులన్నీ హైమ బ్యాగులో ఉన్నాయి. చంటిదాని పాలడబ్బా ఈయన పెట్టెలో ఉంది. ఫోను తేజోమయ్ కార్టూన్లు చూసి చంపేశాడు.

"నాన్నా, అమ్మ వేరే దేశం ఎల్లిపోద్దా?"

"శుభం పలకరా వెధవా!"

నేను మాత్రం సీటుకింద పొంగిపోయాను. విడిపోండి! ఒక్కొక్కరు ఒక్కో దేశంలో ఏడవండి!

రైలాగగానే ఈయన పెట్టెలతో, కొడుకుతో దూకాడు. నన్ను మరిచాడు. ముందు రైలు దాకా పరుగెత్తేసరికి దాని తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక హైమ చంటిదాన్నెత్తుకుని తలుపు బాదుతోంది. బయట ఈయన బాదుతున్నాడు. ఈల మోగింది.

సరిగ్గా అప్పుడే, దిగేముందు తేజోమయ్ మళ్లీ కీ ఇచ్చి నాలో బిగించిన కప్ప తన్నిన తన్నుకి నేను సీటుకింద నుంచి నడవాలోకి దొర్లాను. ఒక ముసలావిడ వంగి చూసింది. ఇత్తడి గుండు, బిగించిన మూత, లోపల టిక్కు టిక్కు. ఆవిడ పెట్టిన కేక ఏ భాషో తెలియదు గానీ, అర్థం మాత్రం బాంబు!

గంటలు మోగాయి. రెండు రైళ్లూ కదలకుండా ఆగిపోయాయి. తలుపులన్నీ తెరిచి జనాన్ని స్టేషను బయటికి తోలారు. ఆ గుంపులో హైమ భగవాన్ చొక్కా దొరకబుచ్చుకుని, "లోపల్నించి నడిచొచ్చేత్తారా? నడిచొచ్చేత్తారా?" అంటూ వీపు మీద గుద్దుతూ ఏడ్చింది. తేజోమయ్ వాళ్లమ్మ కాళ్లు చుట్టేశాడు. చంటిది మాత్రం నవ్విందట.

విడిపోవాలని కోరుకున్నదాన్ని, నేనే కలిపాను. నా ఖర్మ.

పోలీసు నా ఫోటో చూపిస్తూ అందరినీ అడిగాడు. మీదా? నా పొట్ట మీద తెలుగులో కొట్టిన అక్షరాలు ఫోటోలో స్పష్టంగా ఉన్నాయి: కంచర్ల వీర్రాజు.

తాత పేరు చూసి కూడా భగవాన్ తల అడ్డంగా ఊపాడు. "నో సార్. నాట్ అవర్స్."

"క... కంచర్ల... నాన్నా, మన చెంబే! మన ఇంటిపేరే ఉంది!"

హైమ వాడి నోరు నొక్కి పోలీసు వైపు నవ్వింది. "ఆకలంటున్నాడండీ. హంగ్రీ, హంగ్రీ."

తర్వాత మరమనిషి ఒకటి వచ్చి దూరం నుంచి నన్ను నీటిధారతో పేల్చింది. బతుకంతా నీళ్లు మోసినదాన్ని నీళ్లతోనే చీల్చారు. కప్ప అటు, మూత ఇటు. హైమా వాళ్లు తర్వాతి రైల్లో నలుగురూ ఒకే తలుపులోంచి ఎక్కారని వినికిడి.

నేనిప్పుడు పోలీసుల గదిలో, ప్లాస్టిక్ సంచిలో ఉన్నాను. సంచి మీద వాళ్ల భాషలో చీటీ: యజమాని తెలియదు. పేరు నా పొట్ట మీదే ఉంది. ఈ ఊళ్లో చదివేవాడు లేడు. పైకి చదివినవాడు ఒక్కడే, నాకు బొత్తిగా గిట్టనివాడు. వాడి నోరు వాళ్లమ్మ మూసేసింది.