ఎండాకుల కింద తడి

ఆ బడిలో ఆఖరి ఏడాది పిల్లలకి కొత్తగా ఒక క్లాసు పెట్టారు. పౌరుల హక్కులూ బాధ్యతలూ, సొంత డబ్బు చూసుకోవడం, నీళ్ళూ నేలా పాడు చెయ్యకుండా మొక్కలు పెంచడం, ఈ మూడూ ఒకే టీచరు ఒకే గంటలో చెప్పాలి. పిల్లలు దానికి కలగూరగంప అని పేరు పెట్టారు. టీచరమ్మకి ఆ సంగతి తెలుసు, తెలిసే ఊరుకుంది.

అందులో అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్లని ఇంట్లో బాబాయి లాయరమ్మ అనేవాడు. ఆ నోరు అలాంటిది మరి. డబ్బు పాఠం విన్న రోజు అన్నాల దగ్గరే మొదలుపెట్టింది.

"మనింటికి రాబడి ఒక్క దారిలోనే వస్తోందమ్మా. అది చాలా ప్రమాదం."

"అయితే ఆ ప్రమాదానికి ఇంకాస్త కూర వెయ్యండి వదినా" అని బాబాయి కంచం జరిపాడు.

ఆ ఒక్క దారీ ఆయనే. అన్న పోయాక ఇంటి బరువంతా ఆయన మీదే పడింది. నీళ్ళ ఆఫీసులో పైపులు బాగుచేసే పని, ఏళ్ళ తరబడి టెంపరరీ. ఈసారి పర్మనెంటు చేయిస్తానని ఇంజనీరు నోటిమాటగా అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ వాళ్ళమ్మ పిల్ల పైచదువు గురించి ధైర్యంగా మాట్లాడుతోంది.

బడి వెనక గోడ పక్కన ఒక్కొక్కరికీ ఒక్కో మడి ఇచ్చారు. ఎవరి మడి బాగా పెరిగిందో చూడ్డానికి చివర్లో పోటీ. కుళాయి నీళ్ళు పొయ్యకూడదు. దాచిన వాన నీళ్ళూ, ఇంట్లో వాడేసిన నీళ్ళూ మాత్రమే. ఎండలు ముదిరేసరికి అందరి మొక్కలూ తలలు వాల్చేశాయి. లాయరమ్మ మడి మాత్రం గోడకి ఆనుకుని ఉంది. గోడకి అవతల, వీధి వైపు, నీళ్ళ పైపు జాయింటు ఒకటి కారుతోంది. ఆ తడి గోడ కిందుగా ఇవతలికి వచ్చేది.

బాబాయి దాన్ని బిగించడానికి వచ్చిన రోజే ఆమె బడినుంచి బయటికొస్తూ చూసింది. వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, మడుల పోటీ అయ్యేదాకా ఉండనీ. బొట్లు బొట్లేగా."

"అవి నలుగురి నీళ్ళు లాయరమ్మా."

"ఎవరికీ కనబడదు. నేను చూసుకుంటాగా!"

ఆ పిల్ల అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు. పానా సంచీలో పడేసి వెళ్ళిపోయాడు. ఆమె ఎండాకులు తెచ్చి జాయింటు మీద గుట్టగా కప్పింది. నేల మీద ఎండాకులు పరిస్తే తడి ఆరదని పాఠంలో చెప్పిందే. ఇవతల మడిలో బీన్స్ తీగ గోడెక్కింది. టీచరమ్మ క్లాసునంతా తీసుకొచ్చి చూపించింది, ఈ పిల్ల సిగ్గు లేకుండా పొంగిపోయింది.

ఆ తర్వాత పౌరుల పాఠం వచ్చింది. జట్లుగా వీధిలోకి వెళ్ళి ఒక సమస్య పట్టుకోవాలి, ఆఫీసుకి ఫిర్యాదు పెట్టాలి. ఆమె జట్టులోని కళ్ళద్దాల పిల్ల గోడ పక్కన నడుస్తూ ఎండాకుల్లో కాలేసింది. చీలమండ దాకా తడిసింది.

"పైపు కారుతోందే! ఇదే రాద్దాం."

"వీధి దీపం గురించి రాస్తే బావుంటుందేమో" అంది లాయరమ్మ. గొంతులో బలం లేదు, ఎవరూ వినలేదు.

రాసే పని ఆమెకే అప్పగించారు. ఆ రాత్రి బాబాయికి ఒక్క మాట చెప్పి ఉంటే పొద్దున్నే పానాతో బిగించి వచ్చేవాడు, ఫిర్యాదు వెళ్ళేసరికి నేల ఆరిపోయేది. కానీ పోటీకి ఇంకా వారం ఉంది. చెప్పలేదు. పైగా రాసింది చదువుకుంటే చప్పగా ఉందనిపించి, "సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ప్రజల నీరు వృథా అవుతోంది" అని ఒక వాక్యం కలిపింది. టీచరమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివింది. ఏ ఆఫీసు కదిలిందిలే అనుకుంది ఈ పిల్ల.

ఆఫీసు కదిలింది. బాబాయి ఇంటికొచ్చి సంచీ తగిలించి, కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాలేదా?" అంది అమ్మ.

"మెమో ఇచ్చారు వదినా. నిర్లక్ష్యమట. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దామన్నారు."

"ఎవరు రాశారో, వాళ్ళ చేతులు పడిపోనూ!"

పిల్ల చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసింది.

"ఊరుకోండి వదినా. బడి పిల్లలు రాశారు. బాగానే రాశారు" అన్నాడు బాబాయి. ఆఫీసులో చూపించిన కాగితం మీద పిల్ల చేతిరాత ఆయనకి తెలియంది కాదు.

చేతులు కడుక్కునే చోట ఆయన్ని పట్టుకుంది. "నేను మీ ఆఫీసుకొచ్చి చెప్పేస్తాను బాబాయ్."

"ఏమని? ఇప్పుడంటే నిర్లక్ష్యం. నువ్వు చెబితే తెలిసి వదిలేసినట్టవుతుంది. ఉన్న పని కూడా ఊడుతుంది. నోరు మూసుకుని పడుకో."

నోరు ముయ్యమని ఆయన ఆ పిల్లతో ఎప్పుడూ అనలేదు.

పోటీ రోజు ఇంజనీరు బడికొచ్చాడు. మంచి ఫిర్యాదు రాసినందుకు ఆమెకి ప్రశంసాపత్రం తెచ్చాడు. కూడా బాబాయినీ తీసుకొచ్చి మడుల పక్కన నిలబెట్టాడు.

"ఆ లైను చూసుకునేది ఇతనే. పిల్లలకున్న బాధ్యత పెద్దాళ్ళకి లేకపోతే ఎలా చెప్పండి?"

పిల్లలు నవ్వారు. బాబాయి సంచీ భుజాన వేసుకుని తిన్నగా నిలబడ్డాడు.

"మడి కూడా తనదే ఫస్టు. ఇంత ఎండలో ఎలా పెంచావో చెప్పమ్మా" అంది టీచరమ్మ.

"వాన నీళ్ళు దాచి..." అని మొదలుపెట్టింది. బాబాయి వైపు చూసి ఆగిపోయింది.

"అవునండీ" అన్నాడు బాబాయి. "కూరలు కడిగిన నీళ్ళు కూడా బకెట్లో మోసుకొచ్చేది. నేను రోజూ చూసేవాణ్ణి."

అంతమందిలో అన్ని మాటలు పడిన మనిషి, ఆ మాటలు పడేలా చేసిన తనకే అండగా నిలుస్తున్నాడు. సిగ్గుతో ఆమెకి చెవులు కాలిపోయాయి. భూమి చీలి లోపలికి పోతే బావుండుననిపించింది.

"అబద్ధం" అంది. "ఒక్క బకెట్టూ మొయ్యలేదు. గోడ కింద తడితోనే పెంచాను. లీకు నాకు ముందే తెలుసు. ఎవరికీ కనబడకుండా ఆకులు కప్పింది నేనే. ఈయన మా బాబాయి. ఈయనకి తెలీదు."

ఇంజనీరు బాబాయి వైపు తిరిగాడు. "నిజంగా తెలీదా నీకు?"

బాబాయి పిల్ల మొహం చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది.

"తెలీదండీ" అన్నాడు.

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా! మెమో వెనక్కి తీసుకుంటాలే" అన్నాడు ఇంజనీరు. ప్రశంసాపత్రం మళ్ళీ ఆయన ఫైల్లోకి వెళ్ళిపోయింది. కళ్ళద్దాల పిల్ల పక్కకి జరిగింది. టీచరమ్మ రేపు మాట్లాడదామంది.

ఇంటికి వెళ్తూ బాబాయి సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఆయన్ని కాపాడింది ఆమె చెప్పిన నిజం కాదు, చివర్లో కలిపిన అబద్ధం. మాటలు పడ్డప్పుడు తల ఎత్తుకుని నిలబడ్డ మనిషి ఇప్పుడు దించుకుని నడుస్తున్నాడు.

"కోపమా బాబాయ్?"

"నీకు చిన్నప్పట్నుంచీ అడిగిందల్లా ఇచ్చాను. అబద్ధం కూడా నేర్పాననుకోలేదు. పద."

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. మెమో పోయిందని వినగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను చెప్పలా, నీ తప్పేమీ లేదని! ఇంతకీ ఆ రాసిందెవరో తెలిసిందా?"

బాబాయి వంగి కాళ్ళు కడుక్కుంటున్నాడు, తలెత్తలేదు.

"నేనే రాశానమ్మా" అంది పిల్ల.

అమ్మ కూతురి చేతుల వైపు చూసింది. పిల్ల ఆ చేతులు వెనక్కి దాచుకుంది.

"వదినా, అన్నం పెట్టండి" అన్నాడు బాబాయి. "ముందు దానికి."

లాయరమ్మకి అని మాత్రం అనలేదు.