ఆయుధపూజలో కూర్చున్న బ్యాడ్జీ

నేను ఒక బ్యాడ్జీని. మంత్రిగారి చొక్కా మీద మెరిసే రకాన్ని కాదు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ల గుండె మీద ఉండి, వాళ్లకు అది ఎంత తగిలిందో లోపల దాచుకునేదాన్ని. మూడు నెలలకోసారి ప్రయోగశాలలో నా బిళ్ళలను వేడి చేస్తారు. అవి వెలుగుతాయి. ఆ వెలుగును కొలిచి లెక్క తేల్చి, నన్ను మరొకరికి తగిలిస్తారు.

నా మొదటి యజమాని ఒక పెద్ద డాక్టరు. పాడైపోతానని నన్ను సొరుగులో పెట్టి తాళం వేశాడు. లెక్క సున్నా వచ్చింది. ఎంత జాగ్రత్తపరుడో అని మీటింగులో చప్పట్లు కొట్టారు. తర్వాతి టెక్నీషియన్ జేబులో మరిచిపోతే, ఆయన భార్య నన్ను చొక్కాతో కలిపి ఉతికి ఆరేసింది.

ఆ తర్వాత వకుళ దగ్గరికి వచ్చాను. మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివి, కాకినాడలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి చేరింది. అది పూర్తికాకపోతే ఉద్యోగం రాదు.

"ఫిజిక్స్ చదివి ఆసుపత్రిలో ఏం చేత్తావే, ఫ్యాన్లు బాగుచేత్తావా?" అంది మేనత్త.

"గడ్డకు ఎంత రేడియేషన్ కావాలో డాక్టరు రాస్తాడత్తా. మిషను సరిగ్గా అంతే ఇచ్చేలా చూడ్డం మా పని."

"అయితే డాక్టరువి కాదన్నమాట," అని మేనత్త కాఫీ కలపడానికి లేచింది.

వకుళ నన్ను రోజూ పద్ధతిగా పెట్టుకునేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

దసరా వచ్చింది. భద్రతాధికారి పట్టాభిగారు మిషనుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టించారు. "ఇయ్యీ ఆయుధాలేనండి," అంటూ అందరి బ్యాడ్జీలనూ రోగి పడుకునే బల్ల మీద వరసగా పేర్చారు. హారతి అయ్యాక ఎవరివి వాళ్లు తీసుకున్నారు. వకుళను మాత్రం అప్పటికే పులిహోర పంచడానికి వార్డుకు పంపారు. పూజ చేసిన బండిని నిమ్మకాయల మీదుగా నడిపినట్టు, మిషనునూ ఒకసారి నడపాలని పట్టాభిగారి పట్టుదల. తలుపు వేసి కిరణాలు వదిలారు. బంతిపూల కింద నేనొక్కదాన్నే ఉన్నాను.

"నీ బ్యాడ్జీ లోపలే మర్చిపోయేవమ్మా," అని నన్ను ఆమె చేతిలో పెట్టి, ఆయన తేలిగ్గా నవ్వేశారు.

ప్రయోగశాలలో నేను భగ్గున వెలిగాను. అంత రేడియేషన్ తగిలిన మనిషిని విచారణ తేలేదాకా మిషను దగ్గరికి రానివ్వొద్దని ఉత్తరం వచ్చింది. దానితోపాటు నన్నూ వెనక్కి పంపారు. వకుళ ఇంటర్న్‌షిప్ ఆగిపోయింది. ఆమె రక్తం పరీక్షకు వెళ్లింది. ఏ దెబ్బా తగల్లేదని తేలింది. మరి బ్యాడ్జీకి ఎలా తగిలిందని విచారణ కమిటీ అడిగింది.

పట్టాభిగారు జవాబు రాసుకొచ్చారు. బ్యాడ్జీలో లోపం ఉందట.

"పూజ సంగతి రాసేస్తే సరిపోద్ది కదండి," అంది వకుళ.

"రాసేయొచ్చమ్మా. మరి నా ఉద్యోగం? ఆ బ్యాడ్జీకేమన్నా పెళ్లాం పిల్లలున్నారా? నువ్వు కూడా సంతకం పెట్టెయ్. సోమవారం నుంచి లోపలికొచ్చేద్దువుగాని."

వకుళ నన్ను చేతిలోకి తీసుకుంది. పెట్టదనే అనుకున్నాను. తర్వాత నన్ను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టి, సంతకం చేసింది.

కమిటీ సంతోషించింది. నేనిప్పుడు పనికిరాని సామాన్ల డబ్బాలో, తెగిన వైర్ల మధ్య ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పుడు లెక్క చెప్పలేదు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు, ఏడుపొస్తోంది. ఆమెకు మంచి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అక్కడ కొలతలన్నీ సరైనవేనని సంతకం పెట్టేది ఆమేనట.