రాలిన పళ్ళు

కాగితాల కట్టను బల్ల అంచుకు రెండుసార్లు తట్టి, గాలి ఆడేలా వేళ్ళతో విసిరి, జిరాక్స్ యంత్రం పొట్టలో పెట్టింది గుమస్తా. అలా విసరకపోతే అది రెండేసి కాగితాలు మింగి, మూడోదాన్ని నమిలి కక్కుతుంది. ముప్పై నాలుగేళ్ళలో ఈ గదిలోకి నాలుగు యంత్రాలు వచ్చాయి. నాలుగింటికీ అజీర్తే.

శుక్రవారం కాబట్టి ‘బడి కబురు’ రోజు. ఒకే కాగితం, ఒకే వైపు. మంగళవారం టీకాలు వేస్తారని, రెండో తరగతి గదిలో ఎవరో మర్చిపోయిన గొడుగు నెల రోజులుగా ఎదురుచూస్తోందని, ఎవరి టిఫిన్ డబ్బా మూత ఎవరి ఇంటికి పోయిందో చూసుకోమని. అన్నిటికన్నా కింద, పిల్లలు అన్నిటికన్నా ముందు చదివే శీర్షిక: ‘ఈ వారం రాలిన పళ్ళు’. పాలపన్ను ఊడిన వాళ్ళ పేరు, తరగతి, ఏ పన్నో. రెండేళ్ళ నుంచి పక్కన బోసినవ్వు ఫోటో కూడా.

ఆ శీర్షిక వల్లే ఆమెకు ‘పళ్ళమ్మ’ అనే పేరు స్థిరపడింది. కొత్తగా చేరిన పిల్లవాడి నాన్న ఒకాయన సంచీ పట్టుకొచ్చి, “ఇక్కడ పళ్ళమ్మగారంటే ఎవరండీ, అరటిపళ్ళున్నాయా?” అని అడిగినప్పుడు బడి మొత్తం వారం రోజులు నవ్వింది. ఒకటో తరగతి పిల్లకి కూడా ఆ కథ తెలుసు.

ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది ఆమెకు, ఆ చంకలో ఎప్పుడూ ఏదో ఒక రిజిస్టరు ఉన్నట్టే. కళ్ళజోడు దారం మెడలో. మూడు నెలల సెలవు మీద వెళ్ళిన గుమస్తా బదులు ఇరవై నాలుగో ఏట వచ్చింది. ఆయన తిరిగి రాలేదు, ఈమె తిరిగి వెళ్ళలేదు. ఇవాళ వెళ్తోంది. పదవీ విరమణ కాగితం మీద తనే ముద్ర కొట్టుకుంది, వంకర పోకుండా.

బల్ల మూల దగ్గుబిళ్ళల రేకు డబ్బా ఒకటి. బడిలో పన్ను ఊడితే చీటీలో చుట్టి, పేరు రాసి, ఇంటికెళ్ళే దాకా అందులో దాచిపెడుతుంది. ఈ ఉదయం అది ఖాళీగా ఉంది.

మొదటి గంట కొట్టకముందే గోరింక వచ్చింది. మూడో తరగతి. నోరు మూతపడదని టీచర్లు పెట్టిన పేరు. పైన ముందుపన్ను లేదు. దాని పక్కదాన్ని నాలికతో ఊపుతూ నిలబడింది.

“పళ్ళమ్మా, ఇది ఇప్పుడూడితే ఇవాళ్టి కబురులో పడుతుందా?”

“అచ్చయిపోతోందే. ఇక వచ్చే వారమే.” అని, వచ్చే వారం తాను ఉండనని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

“అయ్యో, అక్క ఊడిందా ఊడిందా అని ఒకటే అడుగుతోంది.”

“నీకు అక్కెక్కడిదే? ఒక్కగానొక్క పిల్లవి.”

“సొంత అక్క కాదు. ట్యాబ్‌లో ఆటాడతానుగా, అందులో అక్క. నా ముందుపన్ను ఊడిందని నేను చెప్పకముందే చెప్పేసింది! మన బళ్ళోనే చదివిందంట. మీరూ తెలుసంట.”

“నేనా?”

“ఆఁ. పళ్ళమ్మ తెలుసా అనడిగా. తెలీకపోవడమేంటి, రోజూ ఆవిడ దగ్గర జామపళ్ళు కొనుక్కునేదాన్ని అంది.”

యంత్రం టకటకా కాగితాలు వదులుతూనే ఉంది. గుమస్తా చెయ్యి చాచి దాన్ని ఆపింది.

“నేనెప్పుడమ్మానే జామపళ్ళు?”

గోరింక పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. పన్ను ఊపడం కూడా ఆగింది.

“అంటే... అక్కకి మీరు తెలీదా? మరి మన బడే అందిగా?”

“ఇంకేమందమ్మా?” గొంతు మామూలుగానే ఉంచింది. 

“సాయంత్రం వీడియో కాల్ చేస్తానంది. అమ్మ పని నుంచి రాకముందు. తలుపేసుకోమంది. అమ్మకి చెప్తే ఆటలో నా బొమ్మకున్న రెక్కలు పీకేస్తారంట.” గోరింక గొంతు సన్నబడింది. “అమ్మ తిడుతుందా?”

“నువ్వేం చేశావని తిట్టడానికి? చెప్పావు చూడు, పెద్దవాళ్ళు కూడా చెయ్యలేని పని అది. రా, ఇక్కడ కూర్చో.”

ఆ పిల్లను తన కుర్చీలో కూర్చోబెట్టి, అచ్చయిన కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. పేరు. తరగతి. పన్ను. నవ్వు. ఎవరో ఎక్కడో కూర్చుని పోయిన నెల కాగితాన్ని ఇలాగే చదివారు.

ఈ శీర్షిక తన కూతురి వల్ల పుట్టింది. రెండో తరగతిలో దాని పన్ను ఊడితే ఎవరూ చూడలేదని ఒకటే ఏడుపు. ఆ వారం కాగితం చివర ఒక పంక్తి ఖాళీ మిగిలితే అందులో టైపు చేసింది. అలా మొదలైంది. కిందటేడు కాగితాన్ని బడి వెబ్ పేజీలో కూడా పెట్టమన్నారు. నేర్చుకుంది. ఎవరు చూడాలి అని అది అడిగింది: ‘మీ బడివారికి మాత్రమే’, ‘అందరికీ’. మంచి కబురు దాచుకోవడమేమిటి, నోటీసు బోర్డు అందరికీ కాదా అనుకుని, ‘అందరికీ’ నొక్కింది. తన వేలే.

పెద్దమేడం గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళడం అదే మొదటిసారి. విన్నాక పెద్దమేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

“వాళ్ళమ్మని పిలుద్దాం. పేజీ సంగతి మాత్రం సోమవారం చూద్దామండీ, ఇవాళ మీ వీడ్కోలు కదా. పోయినసారి కబురు నాలుగు వేలమంది చూశారు, ఉన్నపళంగా తీసేస్తే...”

“మన బళ్ళో పిల్లలు రెండొందల పదిమంది మేడం. అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు, అందర్నీ కలిపినా వెయ్యి దాటరు. మిగతా మూడు వేలమంది ఎవరు?”

పెద్దమేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత లేచి, తన కుర్చీని కంప్యూటరు ముందుకు తనే జరిపింది. “కూర్చోండి. తీసేయండి.”

నలభై ఆరు కాగితాలు. ఒక్కోటీ తెరవడం, తీసేయడం, నిజంగానే తీసేయాలా అని అది అడిగితే ‘అవును’ అనడం. నలభై ఆరు సార్లు అవునంది.

గోరింక తల్లి మందుల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడి తెల్లకోటు విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది. గుమస్తా లేచి నిలబడింది.

“తప్పు నాదమ్మా. నీ కూతురి పేరూ ఫోటో ఊరందరికీ పంచింది నేనే.”

తల్లి కూతుర్ని పొట్టకి అదుముకుంది. “మొన్న రాత్రి నాతో చెప్పబోయిందండీ. అక్క, ఆట అంటూ. తర్వాత చెబుదువులే, పడుకో అన్నాను. మీరు విన్నారు.”

“అయితే ఇద్దరం కలిసి సరిదిద్దుకుందాం. ఆ మాటలేవీ చెరిపెయ్యొద్దు, ఉన్నవున్నట్టు పోలీసులకి చూపించాలి. పెద్దమేడం కూడా వస్తున్నారు.”

“నా రెక్కలో?” అంది గోరింక, కోటు మడతల్లోంచి.

“పోతే పోనీవే, నీకు కాళ్ళున్నాయిగా,” అంది తల్లి. ఏడుస్తూనే నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక, అచ్చయిన కాగితాలన్నీ అడ్డంగా, నిలువుగా చింపేసింది గుమస్తా. కొత్తది టైపు చేసింది. టీకాలు అలాగే ఉన్నాయి, గొడుగు అలాగే ఉంది. చివరి శీర్షిక దగ్గర వేళ్ళు ఆగాయి. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది. తర్వాత నెమ్మదిగా కొట్టింది:

‘ఈ వారం రాలిన పళ్ళు: ఐదు. ఎవరివో వాళ్ళకి తెలుసు, వాళ్ళ ఇంట్లో తెలుసు. అంతమందికి తెలిస్తే చాలు. ఇన్నాళ్ళూ పేర్లు, ఫోటోలు వేసింది నేనే, అది పొరపాటు. పిల్లలూ, ఆటలో కలిసినవాళ్ళు అమ్మకి చెప్పొద్దన్నారంటే, ముందు చెప్పాల్సింది అమ్మకే. అమ్మలూ నాన్నలూ, వాళ్ళు చెబుతున్నప్పుడు తర్వాత అనకండి. — పళ్ళమ్మ’

కట్టను బల్లకి తట్టి, గాలికి విసిరి, యంత్రంలో పెట్టింది. ఒక్కటి కూడా నమలకుండా అన్నీ వదిలింది.

మధ్యాహ్నం వీడ్కోలు సభలో ఫ్లాస్కు ఒకటి ఇచ్చారు. మాట్లాడమంటే, “జిరాక్సుకి కాగితం విసిరి పెట్టండి,” అని కూర్చుంది. పోలీసు స్టేషన్ నుంచి తిరిగొచ్చిన పెద్దమేడం చెవిలో చెప్పింది: ఫిర్యాదు తీసుకున్నారు, ఆ ఖాతా ఎవరిదో కనిపెట్టే పని మొదలైంది, పిల్ల పుస్తకాల సంచీ కోసం తల్లితో కలిసి ఇప్పుడే వచ్చింది. గుమస్తా తల ఊపింది. పొద్దుటి నుంచి మొదటిసారి వీపు కుర్చీకి ఆనించింది.

నాలుగింటికి కూతురు వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. గేటు బయటి నుంచే కేకేసింది. “అమ్మా, ఇంకా గంట కొట్టలేదా నీకు?”

“వస్తున్నానే, బీరువా తాళమిచ్చి.”

తాళం పెద్దమేడం చేతిలో పెట్టి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ఎడమ భుజం వాల్చి నడుచుకుంటూ వెళ్ళింది. గేటు దగ్గర పిల్లలు అప్పటికే కాగితం చదువుతున్నారు. “ఐదుట్రా! ఒకటి నాదే!” “మరి పేరేదిరా?” “నాకు తెలుసుగా!” ఆమె నవ్వుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే బస్సు తప్పిపోతుందని.

సోమవారం కొత్త గుమస్తా వచ్చి బల్ల తుడుస్తుంటే, మూలనున్న దగ్గుబిళ్ళల రేకు డబ్బా గలగలమంది. మూత తీసి చూశాడు. లోపల చిన్న చీటీ మడత, అందులో బియ్యపుగింజంత తెల్లటి పన్ను. చీటీ మీద పేరు లేదు, తరగతి లేదు. పెన్సిల్‌తో, కాస్త వంకరగా, ‘నాదే’ అని మాత్రం ఉంది.