వేణ్ణీళ్ళ ఇల్లు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినపడేది అత్తగారి గొంతు.

"గిన్నెలు ఇలాగేనా తోమేది? మీ అమ్మ నేర్పిన పనితనం ఇదేనా?"

స్నానాల గదిలో కోడలు బకెట్టు ముందు కూర్చుని, రెండు చేతులూ నీళ్ళలో ముంచి ఉంటుంది. అమ్మ మాట ఎత్తగానే నీళ్ళలోంచి సన్నగా ఆవిరి లేస్తుంది. "కాగాయిరా, రా!" అని అత్తగారు కొడుకుని కేకేస్తుంది. దాంతో ఆ పూటకి తగువు ముగిసినట్టే. నిజానికి గిన్నెల మీద ఆవిడకి పట్టింపేమీ లేదు.

కోపం వస్తే కోడలి చేతులు వేడెక్కుతాయి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది కాబట్టి ఇస్త్రీపెట్టె ఖర్చు లేదు, అతుకుల మీద అరచెయ్యి రాస్తే చాలు. ముసురు పట్టిన రోజుల్లో పక్కింటావిడ తడి మేజోళ్ళు పట్టుకొచ్చి, "వదినగారూ, ఇవాళ కోపంగానే ఉన్నారా?" అని మర్యాదగా అడిగి మరీ ఇచ్చి వెళ్తుంది.

ముందు మొగుడు స్నానం చేస్తాడు, తరవాత అత్తగారు, ఆ తరవాత పిల్ల. కోడలి వంతు వచ్చేసరికి నీళ్ళూ అడుగంటుతాయి, కోపమూ అడుగంటుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ పోసుకునేది చన్నీళ్ళే. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టలేదో, తట్టినా మనకెందుకని ఊరుకున్నారో!

మొగుడు గుమాస్తా. ఎన్నడూ గొంతు పెంచడు. అందుకని ఊళ్ళో దేవుడిలాంటి మనిషని పేరు. ఏది అడిగినా "చూద్దాంలే" అంటాడు. అలా చూద్దామన్నవాటిలో ఆయన చూసినవి బహు తక్కువ.

పిల్ల పేరు ఏదైతేనేం, అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పద్నాలుగేళ్ళది. పిల్లల సంఘంలో చేరి, కొండల మీద గుడారాలు వేసుకుని ఉండే క్యాంపుకి పేరిచ్చింది. బయల్దేరే ముందు పెద్దవాళ్ళని సిద్ధం చెయ్యాలని సంఘం మేడం కుటుంబాలన్నిటినీ హాలుకి పిలిచింది. మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతుంటుంది కాబట్టి ఆవిడ విజిల్ మేడం.

"సంచి పిల్లలే సర్దుకోవాలి, పిల్లలే మొయ్యాలి," అంది మేడం. "క్యాంపులో తడుస్తారు, పడతారు, అన్నం మాడ్చుకుంటారు. మీరు కంగారు పడి వచ్చెయ్యకూడదు. ఇప్పుడు వీళ్ళు స్టవ్వులు వెలిగించి నీళ్ళు కాస్తారు. మీరు చేతులు కట్టుకుని కూర్చోండి, అదే మీకు పరీక్ష."

ఒక తండ్రి నిమిషమైనా ఆగలేక, "అలా కాదురా, పుల్ల కిందకి పెట్టు" అని లేచాడు. విజిలు మోగింది. కూర్చున్నాడు.

పిచ్చుక ఇంకా పుల్ల గీస్తూనే ఉంది. వాళ్ళ నాన్న మేడం దగ్గరికి వెళ్ళి, అలవాటైన మెత్తని గొంతుతో చెప్పాడు. "మా అమ్మాయి ఊరికే చూడ్డానికి వచ్చిందండీ. ఈసారికి వద్దనుకుంటున్నాం. వచ్చే ఏడు చూద్దాం."

పిచ్చుకకి వినపడింది. అగ్గిపుల్ల కింద పడేసింది. వెలిగించని స్టవ్వు మీది గిన్నెని రెండు చేతులా పట్టుకుని నాన్న వైపే చూస్తూ నిలబడింది. గిన్నెలో నీళ్ళు కుతకుతా ఉడికాయి.

"అచ్చం అమ్మ పోలికే!" అంది నాయనమ్మ, మొహం ఇంత చేసుకుని. "కోడలా, ఇక నీకు తోడొచ్చింది. చలికాలం రెండు బకెట్లు కాగుతాయి."

"అదృష్టవంతులండీ," అంది పక్క కుర్చీ ఆవిడ.

పిచ్చుక వాళ్ళమ్మ లేచి వెళ్ళి కూతురి అరచేతులు తిప్పి చూసింది. ఎర్రగా ఉన్నాయి. తన చేతులు మొదటిసారి వేడెక్కిన రోజు ఆవిడకి బాగా గుర్తు. ఈ ఈడే. బడి పిల్లలంతా సముద్రం చూడ్డానికి వెళ్తున్నారు. సంచి గుమ్మంలో ఉంది, బూట్లు కూడా తొడుక్కుంది. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు వాళ్ళ నాన్న. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు, సముద్రమూ చూడలేదు. ఆ వేడి మాత్రం చేతుల్లో ఉండిపోయింది. ఇప్పుడు పిల్లని ఆపితే దాని బతుకూ బకెట్టు ముందే. ఇవాళ ఈ ఇంట్లో, రేపు ఇంకో ఇంట్లో.

ఇంటికి రాగానే మొగుడితో అంది. "పిల్ల క్యాంపుకి వెళ్తోంది."

"చూద్దామన్నాను కదా."

"మీరు చూస్తూ కూర్చోండి. అది వెళ్తోంది."

"అమ్మకి ఇష్టం లేదోయ్. అసలే చలి రోజులు, నీ ఒక్కదానితో అందరికీ సరిపోవడం లేదు."

ఆ మాట అంత తేలిగ్గా అని ఆయన పేపరు తిరగేశాడు.

బయల్దేరాల్సిన పొద్దున అత్తగారు గుమ్మానికి అడ్డంగా ఇనప కుర్చీ వేసుకుంది. పిల్ల సంచి కుర్చీ కిందకి తోసి, పైన కూర్చుంది. "వెళ్తే నన్ను దాటుకుని వెళ్ళమను!"

కోడలు వెనకనుంచి వచ్చి కుర్చీ మీద రెండు అరచేతులూ ఆనించింది.

"అత్తయ్యా, లేవండి."

"లేవను. ఏం చేస్తావ్?"

"ఏమీ చెయ్యను. ఇన్నాళ్ళూ మీరు తిట్టి కాయించుకున్నారు. ఇవాళ మీరేమీ అనక్కర్లేదు, మా అమ్మ మాటా ఎత్తక్కర్లేదు."

మొదట అత్తగారికి ఎండలో కూర్చున్నట్టు హాయిగానే ఉంది. కాసేపటికి ఇటు జరిగింది. అటు జరిగింది. ఆ తరవాత, మోకాళ్ళ నొప్పులని ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి, ఒక్క ఉదుటున లేచి గోడ పక్కకి చేరింది. మొగుడు పేపరు పైనుంచి చూసి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

సంచి పిచ్చుకే మోసుకుంది. వాళ్ళమ్మ సాయం చెయ్యబోయి, మేడం మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బస్సు కదిలే ముందు పిల్ల కిటికీలోంచి చెయ్యి చాపింది. చలి పొద్దున ఏ పిల్ల చెయ్యైనా ఎలా ఉంటుందో ఆ చెయ్యీ అలాగే ఉంది, చల్లగా. వాళ్ళమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మా, నీ చెయ్యి కాలిపోతోంది."

"తెలుసు. వదిలెయ్యి."

"ఉండనీ, చలేస్తోంది," అంది పిచ్చుక. బస్సు కదిలేదాకా వదల్లేదు.

మర్నాడు అత్తగారు ఇంకా ముందే మొదలుపెట్టింది. గిన్నెలు, కోడలి పుట్టిల్లు, నిన్నటి కుర్చీ, ఒకదాని తరవాత ఒకటి. ఏదీ వదలలేదు. స్నానాల గదిలో ఎన్నడూ లేనంత ఆవిరి లేచి వరండాలోకి వచ్చింది.

"కాగాయిరా, రా!"

మొగుడు భుజాన తువ్వాలు వేసుకుని వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల గడియ పడిన చప్పుడు.

"ఏమోయ్, ఆఫీసుకి టైమవుతోంది. నా నీళ్ళు..."

చెంబు బకెట్లో మునిగింది. వేణ్ణీళ్ళు ఒంటి మీద జారి నేల మీద పడుతున్నాయి. ఇంకో చెంబు. ఇంకోటి. తొందరేమీ లేదు.

"చూద్దాంలెండి," అంది లోపల్నుంచి.