బండి నిలిచే తావు

ఇట్లా దగ్గరికి జరుగు నందితా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. నా మోకాలికి ఆనుకుని కూర్చో, గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు. వేలూరులో మీ అమ్మ షోరూం గోడ మీద దండ వేసిన పటం ఉంది కదా, ఆ ముసలాయన ఎందుకంత కోపంగా చూస్తున్నాడని మొన్న అడిగావు. ఆయన కోపిష్టి కాదు తల్లీ. ఫోటో తీసేవాడు కదలొద్దన్నాడని అట్లా ఊపిరి బిగబట్టాడు. ఆయన మా మామ రంగప్ప. మీ అమ్మకు ముత్తాత.

గుడియాత్తం బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయన మొదట సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. తర్వాత పాత అంబాసిడర్లు, జీపులు కొని, బాగుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. మా ఆయన పూర్ణచంద్ర, వేలూరులో కాట్పాడి రోడ్డు మీద కొత్త కార్ల అంగడి తెరిచాడు. మా కొడుకు జయరామ్, అదే మీ తాత, దానికి అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, షోరూం అనమన్నాడు. నేను మాత్రం ఇప్పటికీ అంగడి అనే అంటాను. అమ్మేది అంగడి కాక మరేమిటి?

మా మామకు ఒక కట్టడి ఉండేది. కొనేవాడి ఇంటికి వెళ్ళి, ఆ బండి ఎక్కడ నిలుస్తుందో కళ్ళారా చూడకుండా ఆయన బండి అమ్మేవాడు కాదు. కళ్ళం పక్కన నిలుస్తుందా, గొడ్ల కొట్టంలో నిలుస్తుందా, వాన వస్తే నీళ్ళు చేరతాయా, అన్నీ చూసేవాడు. ఆయన వెంట నేనూ వెళ్ళేదాన్ని. కొత్త కోడలినని ఇంట్లో దాచలేదు. మగవాళ్ళు వాకిలి చూస్తారు, ఆడవాళ్ళకు వంటింట్లో నిజం తెలుస్తుంది అనేవాడు. నాట్రంపల్లిలో ఒక ఇంట్లో మజ్జిగ తాగుతుంటే ఆ ఇంటావిడ నా చెవిలో, మా ఆయనకు చూపు సరిగా ఆనదు, ఎదురుగా వచ్చే ఎద్దు కూడా కనిపించదు అని చెప్పింది. ఆ బేరం అక్కడితో ఆగిపోయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మాకు చింతపండు పంపేది.

ఇట్లాంటి మంచి కట్టడి ఉన్న మనిషి ఒకసారి పెద్ద పొరపాటు చేశాడు. అది చెప్పడానికే నిన్ను పిలిచాను.

గోవిందస్వామి అని గుడియాత్తం నేత వీధిలో ఉండేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నేసినవాడే, కష్టపడి లుంగీల వ్యాపారి అయ్యాడు. అంబాసిడర్ కావాలని షెడ్డుకు వచ్చాడు. మామ అలవాటు ప్రకారం మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ వీధికి వెళ్ళాడు. ఆ వీధుల్లో పొద్దున పడుగు పరుస్తారు. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరి ఆరేదాకా ఆ దారిన కుక్క కూడా పోకూడదు. ఇక కారు ఎక్కడ పోతుంది?

మామ చూశాడు. చూసినవాడు ఊరుకోకుండా పడుగుకు ఇవతల నిలబడే, అవతల ఉన్న గోవిందస్వామికి వినబడేట్టు చెప్పాడు.

"నీ వీధికి కారు వద్దప్పా గోవిందస్వామీ. పడుగు ఎత్తేదాకా బండి కదల్దు. నీకు దండగ."

ఆయన మంచికే చెప్పాడు. కానీ వీధంతా కుంచెలు ఆపి విన్నది. అందులో ఒకడు, బాలా అని వాగుడుకాయ, దారం దువ్వుతూనే అన్నాడు: "మగ్గం గుంతలో కూచున్నోనికి కారు సీటు యాడ కుదురుతాదిలే."

అందరూ నవ్వారు. గోవిందస్వామి నవ్వలేదు. మా మామ దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "అంగట్లో చెప్పాల్సిన మాట వీధిలో చెప్పినావు రంగప్పా" అని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఇవ్వడానికి తెచ్చిన మజ్జిగ చెంబు గడప మీదే ఉండిపోయింది.

ఆయన వేరే ఊళ్ళో కారు కొన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళకూ మనకూ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో మనం ఒక పంక్తిలో కూర్చుంటే వాళ్ళు లేచి ఇంకో పంక్తికి వెళ్ళేవాళ్ళు. మామ పోయేదాకా, నేను అబద్ధం చెప్పలేదు కదా ధనమ్మా, వాడికెందుకు కోపం అని నన్నే అడిగేవాడు. నేనేం చెప్పను, కోడలిని.

ఇక మీ అమ్మ సంగతికి వస్తాను. అప్పటికి నువ్వు పుట్టలేదు, మీ అమ్మకు పెళ్ళీ కాలేదు. మీ తాత అలిసిపోయాడు. కంపెనీవాళ్ళ ఒత్తిడి, పక్కనే కొత్త షోరూములు. చెన్నై నుంచి ఒక పెద్ద వ్యాపారి వచ్చి వేలూరు అంగడీ, గుడియాత్తం షెడ్డూ రెండూ కొంటానన్నాడు. గుడియాత్తంలో అమ్మవారి తలను ఊరేగించే గంగమ్మ శిరసు తిరునాళ్ళు కాగానే సంతకం అనుకున్నారు. మీ అమ్మ హేమప్రియ మాత్రం అంగడి నాకివ్వండి, నేను నడుపుతాను అని పట్టుబట్టింది. మీ తాత చెడ్డవాడు కాదు. పగలంతా తిరగాలి, ప్రతివాడి మాటా పడాలి, ఆడపిల్లకు ఈ పాట్లు ఎందుకు అన్నది ఆయన బాధ. నేను మాట్లాడబోతే, నువ్వూరుకోమ్మా అన్నాడు.

అట్లాంటప్పుడు వేలూరు అంగడికి ఒక పెద్దాయన వచ్చాడు. మా మామ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరనుకున్నావు? గోవిందస్వామి కొడుకు లోకనాథం. మనవరాలు కవిప్రియకు వేలూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందట. ఆమె తిరగడానికీ, ఇంటిల్లిపాదీ కూర్చోవడానికీ ఉన్నవాటిలో పెద్ద కారు చూపించమన్నాడు. మీ తాత సంతోషం చెప్పలేను. పెద్దల నాటి పంతం తీరిపోతుంది, బేరమూ అవుతుంది. మీ అమ్మ మాత్రం, తావు చూసి వస్తాను అంది.

"వద్దు పాపా. మా తాత చూసింది చాలు. మళ్ళా పోయి చెడగొట్టొద్దు."

"ఆ బండి సందులో ఇరుక్కుంటే రేపు మళ్ళా నవ్వేది వాళ్ళనే కద నాయనా."

మీ తాత అన్నాడు: "సరే పో. ఈ బేరం చెడిందంటే మాత్రం నేను సంతకం పెట్టేస్తా. ఇంక నన్నడగొద్దు."

చూశావా, మీ అమ్మ ఎంతటి చిక్కులో పడిందో. చూడకుండా అమ్మితే అంగడి దక్కుతుంది, మా మామ కట్టడి పోతుంది. చూస్తే ఏం కనబడుతుందో నాకు ముందే తెలుసు. నేనూ వస్తానన్నాను. ఆ వీధిలో నేను తాగని మజ్జిగ బాకీ ఉంది మరి.

వీధి మారిపోయింది. సగం ఇళ్ళలో కరెంటు మగ్గాలు దడదడలాడుతున్నాయి. అయినా రెండు మూడు ఇళ్ళవాళ్ళు పడుగు పరిచే ఉన్నారు. ఇరువైపులా మెట్లు ముందుకు జరిగాయి, మెట్లకు ఆనించి మోటారు సైకిళ్ళు. పడుగు పక్కన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచాము. మేము వస్తున్నామని ఎట్లా తెలిసిందో, ప్రతి గడపలో ఒక తల ఉంది. రంగప్ప మనవడి కూతురు ఏం చెబుతుందో విందామని.

లోకనాథం అరుగు మీద కూర్చోబెట్టాడు. అడగాల్సింది అందరూ వినేట్టే అడిగాడు.

"ఏమ్మా, చూస్తివి కద. మీ పెద్దాయన మాదిరి నువ్వూ వద్దనే చెప్తావా?"

మీ అమ్మ వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. తర్వాత నవ్వి, "అంగడి మాట ఈడ ఎట్ల చెప్పేది తాతా? మన షెడ్డుకాడికి రా, ఆడ చెప్తా" అంది. ఆ మాట ఆమెకు నేను నేర్పలేదు. మజ్జిగ చెంబు కథ మాత్రం చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను.

ఈలోగా లోకనాథం భార్య కన్నియమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. మజ్జిగ ఇచ్చింది, అల్లం దంచి వేసి. మామకు తెలియని సంగతి నాకు అక్కడ తెలిసింది. కారు కొన్న తర్వాత గోవిందస్వామి ఏ రోజూ పడుగు ఎత్తమని ఎవరినీ అడగలేదట. అది ఆరి, చుట్టి తీసేదాకా కారు పక్కన నిలబడేవాడట. ఒక పొద్దున ఆయన భార్యకు గుండెనొప్పి వచ్చింది. వీధి నిండా పడుగులు. వేలూరు పెద్దాసుపత్రికి పోవాలి.

"అప్పుడేమి చేసినారక్కా?" అన్నాను.

"ఏం చేస్తారు, కత్తెరలు తెచ్చి కోసేసినారు. ఆ పొద్దు నవ్విన బాలా లే? వాడే ముందు కోసినాడు. వాని పడుగే మొదట ఉండె మరి." కన్నియమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా అత్త ఆ తర్వాత చానా కాలం బతికింది. మా మామ అందరికీ దారం కొనిచ్చినాడు. అది మొదలు ఆ కారు మా ఒక్కరిది కాదు, వీధిదే. ఈ మాట రంగప్పకు చెప్పి రావాలని ఎన్నోసార్లు బయల్దేరినాడు. బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చేసేవాడు."

చూడు నందితా. ఆ బస్టాండు వెనకే కదా మన షెడ్డు. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే ఇద్దరు ముసలివాళ్ళూ నెమ్మది మనసుతో కన్నుమూసేవాళ్ళు.

తిరిగి వచ్చేటప్పుడు మీ అమ్మకు ఈ మాట చెప్పాను. ఆమె నేరుగా షెడ్డుకు నడిచి, నా నడుముకు దోపుకున్న తాళంచెవి అడిగింది. తలుపు తీస్తే పాత టైర్లు, ఎలుకలు, మామ సైకిళ్ళకు గాలి కొట్టిన పంపు. మీ అమ్మ ఆ దుమ్ములోనే కొలిచినట్టు అటూ ఇటూ తిరిగింది. షెడ్డు నుంచి నేత వీధికి ఎంత దూరం? పిలిస్తే పలికేంత.

సాయంత్రం లోకనాథం వచ్చాడు, ఒక్కడే. మీ అమ్మ టైరు మీద గుడ్డ పరిచి కూర్చోబెట్టింది.

"తాతా, ఆ పెద్ద బండి మీ సందులోకి వస్తాది, కానీ మళ్ళేదానికి చోటు లేదు. పొద్దున కదిలేది లేదు. అట్లని వద్దనడానికి నేను పిలవలేదు. మీ నాయన కారు ఏం చేసిందో మా అవ్వ చెప్పింది. బండి కొనుక్కో. రోజూ ఇడిసేది ఈడ ఇడువు. షెడ్డు తాళంచెవి ఒకటి మీ దగ్గరే పెట్టుకో. రాత్రి పగలు ఎప్పుడైనా తీసుకుని పో."

లోకనాథం రేకుల కప్పు వైపు చూశాడు. "ఇది రంగప్ప తావు కదమ్మా. ఈడ గోవిందస్వామి ఇంటి బండి నిలబడతాదా?" అన్నాడు.

ఆయన అడిగింది మీ అమ్మను. చూసింది నన్ను. నేను లేచి, తాళంచెవి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. "మీ నాయన బస్టాండు దాకా వచ్చినాడంట కద. నువ్వు లోపలికే వచ్చినావు" అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట అన్నట్టు.

బండి వచ్చిన రోజు షెడ్డు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కవిప్రియే తొక్కించింది. నేత వీధి సగం వచ్చింది. బాలా కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని, పళ్ళు లేకుండా. నోరు మాత్రం మారలేదు. "మా సందులోళ్ళకంతా ఈడ తావుంటాదా, లేక నర్సమ్మకొక్కతికేనా?" అన్నాడు. వాడి కొడుకుకు కారు కొనే యోచన ఉందట. వాడి వెనక ఇంకో ఇద్దరు. సందులో నిలిపే చోటు లేక ఇన్నాళ్ళూ కొనని వాళ్ళు.

మీ తాత జయరామ్ ఒక మూల నిలబడి ఇదంతా వింటున్నాడు. అప్పుడే చెన్నై వ్యాపారి ఫోను చేశాడు, సంతకానికి ఎప్పుడు రమ్మంటారని. మీ తాత షెడ్డు వైపు చూశాడు, మీ అమ్మ వైపు చూశాడు. బాలా కొడుకుకు చిన్న బండి చాలంటూ ఆమె వేళ్ళతో కొలతలు చెబుతూ ఉంది.

"షెడ్డు ఖాళీ లేదప్పా" అన్నాడు ఫోనులో. "వేలూరు అంగడి సంగతి ఇంక నన్నడగొద్దు. మా పాపనడగండి."

మీ అమ్మకు ఆ మాట వినపడలేదు. నాకు వినపడింది. అందుకే నేను చెబుతున్నాను.

నువ్వు తెలుగు గడగడా మాట్లాడతావు గానీ అక్షరాలు రావు. నాకు వచ్చినవీ అంతంత మాత్రమే. అందుకని రాసి పెట్టి పోలేను, నీ చెవిలో వేసి పోతాను. రేపు ఎవరైనా ఆ పటం చూపించి అడిగితే, మా రంగప్ప తాత తావు చూడనిదే బండి అమ్మేవాడు కాదని చెప్పు. అంతటితో ఆపకు. ఒకసారి మంచి మాట చెప్పకూడని చోట చెప్పాడని కూడా చెప్పు, ఆయనేమీ అనుకోడు. పడుగు కోసిన వాడిని మాత్రం మరిచిపోవద్దు. నవ్వినవాడూ వాడే, ముందు కోసినవాడూ వాడే అని రెండూ కలిపి చెప్పాలి. ఏదీ, ఒకసారి నాకు చెప్పు చూద్దాం. మజ్జిగ చెంబు దగ్గర నుంచి మొదలుపెట్టు.